నవ్వు ఎవరి మీద పడుతోంది?
‘చింతామణి’ నుంచి ఎరుకలసాని దాకా

2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని నగుబాటు చేస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చిన మాట చివరికి ఉత్తర్వుగా మారింది. వెంటనే రెండు పక్షాలు తయారయ్యాయి. కళను చంపేశారని ఒక పక్షం, కులాన్ని కించపరిచే కళ ఉంటేనేం పోతేనేం అని ఇంకో పక్షం. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది.

ఈ గొడవతో గిరిజన రచయితలకు ఏం పని అని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. చింతామణిలో ఎరుకల పాత్ర లేదు, యానాది లేడు, సుగాలి లేడు. నిజమే. కానీ ఆ నాటకం ఆడిన జాతర పందిళ్ళలోనే, ఆ మైకుల్లోనే, అదే హాస్య ఫక్కీలో మనవాళ్ళ వేషాలు కూడా కట్టారు. ఆ నవ్వులు విని ఇంటికొచ్చినవాళ్ళం మనం. అందుకే ఈ నాటకం గురించి మాట్లాడే హక్కు మనకూ ఉంది. మాట్లాడవలసిన అవసరం అంతకంటే ఎక్కువ ఉంది.

ముందు నాటకం సంగతి చూద్దాం. రాసినవాడు కాళ్ళకూరి నారాయణరావు, రాసింది 1920 ప్రాంతంలో. ఆయన ఊరికే నవ్వించడానికి కలం పట్టినవాడు కాదు. కట్నాల మీద ‘వరవిక్రయం’ రాశాడు, తాగుడు మీద ‘మధుసేవ’ రాశాడు. వేశ్యాలోలత్వం ఇళ్ళను ఎట్లా కూల్చుతుందో చూపాలని ‘చింతామణి’ రాశాడు. కథకు ఆధారం లీలాశుకుడి ఐతిహ్యం. బిల్వమంగళుడనే బ్రాహ్మణుడు ఒక వేశ్య మీది మోహంతో వరదలో శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఏరు దాటి, వేలాడే పామును తాడనుకుని ఎగబాకి ఆమె ఇల్లు చేరాడని, ఆమె మాటతోనే అతనికి కళ్ళు తెరుచుకున్నాయని, తర్వాత అతనే ‘శ్రీకృష్ణకర్ణామృతం’ రాసిన లీలాశుకుడయ్యాడని చెబుతారు. ఆ కావ్యం మొదటి శ్లోకంలో గురువు కంటే ముందు చింతామణి పేరే వస్తుంది. అంటే సంప్రదాయంలో ఆమెది గురుస్థానం.

కాళ్ళకూరి ఈ కథ చుట్టూ మరికొందరిని చేర్చాడు. ఆస్తి కరగబెట్టుకున్న భవానీశంకరం, డబ్బు ఉండి తెలివి లేని సుబ్బిశెట్టి, కూతురి సంపాదన లెక్కపెట్టుకునే తల్లి శ్రీహరి. ఆయన ఉద్దేశంలో నవ్వు పడవలసింది మగవాళ్ళ మోహం మీద. ‘వరవిక్రయం’లో లోభి సింగరాజు లింగరాజును చూసి నవ్వినట్టే, ఇక్కడ కొంపలు కూల్చుకునే మగవాళ్ళను చూసి నవ్వాలి. అయితే ఆయన రాతలోనే ఒక పగులు ఉంది. వెర్రివాడిగా చూపదలచిన మనిషికి ఒక కులం పేరు తగిలించాడు. వేశ్యాకులంలో పుట్టిన ఆడవాళ్ళలో కథానాయికను తప్ప మిగిలినవాళ్ళను దురాశకు బొమ్మలుగా నిలబెట్టాడు. మంచి ఉద్దేశం ఉన్న రచయితకు కూడా తన కాలపు కులదృష్టి ఉంటుంది. ఆ మాట చెబితే ఆయన చిన్నవాడైపోడు.

ఆ పగులును గొయ్యి చేసింది ఊరూరా తిరిగిన నాటక బృందాలు. ఇది అర్థం కావాలంటే ఆ బృందాలు బతికే పద్ధతి తెలియాలి. మన రాయలసీమకు ఊరూరా తిరిగే నాటకం కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడిన వనారస కుటుంబం నుంచే సురభి కంపెనీలు పుట్టాయి. ఇంటిల్లిపాదీ ఒకే చోట ఉండి, తెరలూ సామానూ మోసుకుని తిరిగే కంపెనీలవి. ‘చింతామణి’ని జాతర్లకు తెచ్చింది ఎక్కువగా వేరే పద్ధతి, అంటే కాంట్రాక్టు నాటకం. ఒక కాంట్రాక్టరు పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి మాట్లాడుకుంటాడు. వాళ్ళు సాయంత్రానికి పందిరి దగ్గర కలుసుకుంటారు. రిహార్సలు ఉండదు. హార్మోనిస్టు శ్రుతి చూసుకుంటే అదే ఏర్పాటు. పద్యానికి వన్స్‌మోర్ వస్తే నటుడికి పేరు, హాస్యానికి చదివింపులు వస్తే జేబుకు ఆసరా.

రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టాలి. పద్యం పాడగలవాళ్ళు తగ్గుతున్నారు, వినగలవాళ్ళు అంతకంటే తగ్గుతున్నారు. అప్పుడు భారం సుబ్బిశెట్టి మీద పడింది. పుస్తకంలో ఉన్న నాలుగు మాటలు స్టేజి మీద గంట అయ్యాయి. నటుడు ఊరి పేర్లు, కొత్త సినిమాల పేర్లు కలిపి సొంత మాటలు అల్లుతూ పోయాడు. వాటిలో బూతు పెరిగింది. సుబ్బిశెట్టి నడక, నత్తి, పొట్ట, రంగు, అతని కులపు వ్యాపారం, అన్నీ నవ్వుకు సరుకయ్యాయి. కొన్నాళ్ళకు మొత్తం నాటకం ఎందుకు, ఆ ‘బిట్’ ఒక్కటి చాలన్నారు. బిల్వమంగళుడి పశ్చాత్తాపం ఎవరికీ అక్కరలేకపోయింది. లీలాశుకుడు మొదటి శ్లోకంలో తలచుకున్న చింతామణి రెండర్థాల మాటలకు జవాబు చెప్పే మనిషిగా మిగిలింది. స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి నటులు ఎంతో హుందాగా ధరించిన పాత్ర అది.

విమర్శగా మేము చెప్పదలచింది ఇక్కడే ఉంది. బృందాలు చేసిన తప్పు హాస్యం పెంచడం కాదు. నవ్వు పడే చోటు మార్చడం. మోహంలో పడి ఇల్లు గుల్ల చేసుకునే పని మీద పడవలసిన నవ్వు మనిషి ఒంటి మీద, అతని కులం మీద పడింది. పని మీద నవ్వితే ఆ పని చేసేవాడు ఎవడైనా సిగ్గుపడతాడు, రేపు మానుకుంటాడేమో. పుట్టుక మీద నవ్వితే మానుకోవడానికి ఏముంది? బడిలో ఒక పిల్లవాడిని తోటివాళ్ళు ‘సుబ్బిశెట్టీ’ అని పిలిస్తే ఆ పిల్లవాడు ఏం దిద్దుకోవాలి? అందుకే ఆర్యవైశ్యుల నొప్పి నిజమైనదేనని మేము నమ్ముతున్నాం. కులం ధనికమైనదైనంత మాత్రాన అవమానం అవమానం కాకుండా పోదు.

కానీ నిషేధం ఏం చేసింది? అది ప్రదర్శన మీద పడింది, పుస్తకం మీద పడలేదు. సుబ్బిశెట్టి బిట్లు యూట్యూబులో ఉన్నాయి, ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆగిపోయింది రాత్రికి ఇంత అని మాట్లాడుకుని వేషం కట్టే నటులు, నటీమణులు, హార్మోనిస్టుల కూలి. చింతామణిగా, శ్రీహరిగా చూపిన ఆడవాళ్ళ వెనుక ఒక నిజమైన సమాజం ఉంది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక ఆ కుటుంబాలు పాత వృత్తిని, పాత పేరును వదిలించుకోవడానికి ఎంత కష్టపడ్డాయో చదువుకున్నవాళ్ళకు తెలుసు. నాటకంలో నగుబాటైన రెండో సమాజం వాళ్ళదే. వాళ్ళ నొప్పిని ఎవరు అడిగారు? సంఘం ఉండి, నాయకులు ఉండి, సెక్రటేరియట్ మెట్లు ఎక్కగలిగినవాళ్ళ నొప్పికి ఉత్తర్వు దొరికింది. అవి లేనివాళ్ళ నొప్పి నవ్వుగానే మిగిలింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. తిరుపతి చుట్టుపక్కల ఎక్కువగా ఆడే కథల్లో శ్రీనివాస కల్యాణం ఒకటి. అందులో ఒక గొప్ప ఘట్టం ఉంది. పద్మావతిని పెళ్ళాడదలచిన శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం వెళ్తాడు. పుత్తూరు దగ్గరున్న మన నారాయణవనమే అది. అక్కడ పద్మావతి తల్లి ధరణీదేవికి సోది చెబుతాడు. కూతురి మనసులో ఏముందో రాజుకు తెలియదు, పురోహితుడికి తెలియదు. ఎరుకలసానికి తెలుసు. ఎరుక అంటేనే తెలివిడి. సాక్షాత్తు దేవుడు తన మాట నమ్మించుకోవడానికి వేసుకున్న రూపం ఎరుకల స్త్రీది. ఇంతకంటే గౌరవం ఏ కులానికి దక్కింది?

మరి స్టేజి మీద ఏం జరుగుతుంది? మేము చూసిన ప్రదర్శనల్లో ఎరుకలసాని వచ్చిందంటే హాస్యం మొదలైందని అర్థం. ముఖానికి మసి, నోటినిండా ఆకువక్క, సంకలో గుడ్డబొమ్మ. ఎవరూ మాట్లాడని ఒక వంకర తెలుగు. ఎదురుగా సింగడు వస్తాడు, తాగి ఉంటాడు, తంతాడు లేదా తన్నులు తింటాడు. పందుల మాట వస్తుంది, దొంగతనం మాట వస్తుంది. జనం పడిపడి నవ్వుతారు. దేవుడు ఎందుకు ఆ వేషం వేశాడో మరిచిపోతారు. చింతామణికి జరిగిందే ఇక్కడా జరిగింది. కథలో గురువుగా, తెలివిడికి ఆధారంగా ఉన్న ఆడమనిషి స్టేజి మీద నవ్వుల బొమ్మ అయింది.

మాటల్లోనే ఈ జాడ ఉంది, టీచర్లు పిల్లలకు చెప్పవలసిన జాడ. ‘సాని’ అనే మాట స్వామిని నుంచి వచ్చింది. ఆ మాట దొరసానిలో గౌరవం. ఎరుకలసానిలో వేళాకోళం. ఒట్టి ‘సాని’ అంటే తిట్టు. మాట ఒక్కటే. ఎవరి పక్కన నిలబడిందో దాన్ని బట్టి దాని విలువ పడిపోయింది. ‘సోది’ కూడా అంతే. మన అవ్వలు బుట్ట, కర్ర పట్టుకుని ఊరూరా తిరిగి, భయపడినవాళ్ళకు ధైర్యం చెప్పిన విద్య అది. ఈ రోజు ‘సోది ఆపు’ అంటే చెత్త మాటలు ఆపమని. ఒక జాతి బతుకుదెరువును భాష ఎట్లా ఎగతాళిగా మార్చుకుందో ఈ ఒక్క మాట చాలు చూపడానికి.

హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి గానీ ఇంత లోతుగా పోవాలా అని మన పిల్లలే అడుగుతారు. లోతుగా ఎందుకు పోవాలో చరిత్ర చెబుతుంది. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. 1913లో స్టువర్టుపురంలో సెటిల్మెంటు పెట్టి కుటుంబాలను అందులో ఉంచారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా బొమ్మ పోలేదు. స్టేజి మీద మూట కట్టుకుని పారిపోయే సింగడు ఆ బొమ్మే. ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె తట్టాలో ఆ బొమ్మ గుర్తు చేస్తూ ఉంటుంది. సుబ్బిశెట్టిని చూసి నవ్విన జనం మర్నాడు శెట్టి అంగడికి వెళ్ళి అరువు అడగాలి, అక్కడ మర్యాదగా మాట్లాడాలి. సింగడిని చూసి నవ్విన జనానికి మర్నాడు మన దగ్గర అట్లాంటి అవసరం లేదు. అందుకే రెండు నవ్వులూ ఒకటి కావు. రెండూ తప్పే, కానీ బరువు వేరు.

అట్లాగని పల్లె హాస్యం మీద, బూతు మీద మాకు కోపం లేదు. తిరుపతి గంగజాతర చూడండి. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడిని వెదుకుతూ గంగమ్మ వేషం మీద వేషం మార్చిందని కథ. దానిని తలచుకుంటూ జనం బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం కడతారు. బండ వేషం నాడు నోటికొచ్చిన బూతులు తిడతారు. ఎవరూ తప్పు పట్టరు. ఎందుకు? ఆ తిట్లు దాక్కున్న పాలెగాడిని బయటికి లాగడానికి. దొర వేషంలో ఉన్న గంగమ్మ చేతిలోనే వాడి చావు. అక్కడి బూతు బలవంతుడి మీదికి పోతుంది. అందుకే అందులో మొక్కు ఉంది, మర్యాద ఉంది. కాంట్రాక్టు నాటకంలో బూతు బలం లేనివాళ్ళ మీదికి, ఆడవాళ్ళ మీదికి, నత్తి ఉన్నవాడి మీదికి జారుతుంది. బూతును కొలవవలసింది మాటల పచ్చదనంతో కాదు, అది ఎవరి వైపు పోతుందో దానితో.

పాత నాటకాన్ని మార్చకుండా నవ్వును మార్చవచ్చా? మార్చవచ్చు. షేక్స్‌పియర్ ‘వెనిస్ వర్తకుడు’లో షైలాక్ అనే యూదు వడ్డీవ్యాపారి ఉన్నాడు. ఎర్రజుట్టు తగిలించి అతన్ని నవ్వులపాలు చేయడం ఇంగ్లండు స్టేజీకి అలవాటు. 1814 జనవరిలో లండన్‌లోని డ్రూరీ లేన్‌లో ఎడ్మండ్ కీన్ అనే నటుడు నల్లజుట్టుతో, అవమానం మింగిన మనిషిగా ఆ పాత్రను నిలబెట్టాడు. నాటకం పాతదే. జనం మాత్రం ఆ వేళ ఒక యూదుడి బాధను చూశారు. ఆ ఒక్క రాత్రితో యూదుల కష్టాలు తీరిపోలేదు, ఆ నాటకం మీద వాదం ఈనాటికీ ఆగలేదు. కానీ నటుడి చేతిలో ఎంత ఉందో అది చూపింది. సుబ్బిశెట్టి వేషం కట్టే మన నటుడి చేతిలోనూ అంతే ఉంది. నత్తి తీసేసి, కులపు మాటలు తీసేసి, మోసపోతున్నానని తెలిసి కూడా ఆగలేని మనిషిగా అతన్ని ఆడితే నవ్వూ వస్తుంది, కడుపులో ఎక్కడో కలుక్కుమంటుంది. ఎరుకలసాని వేషం కట్టేవాళ్ళకూ మేము ఇదే చెబుతున్నాం.

మరి మనం ఏం చేయాలి? మనవాళ్ళ పాత్రల మీద కూడా నిషేధం అడగాలని కొందరు యువకులు అంటున్నారు. ఒక మనిషిని కులం పేరుతో పదిమందిలో తిట్టి అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, దానిని వాడుకోవలసిందే. కానీ పాత్రల మీద నిషేధం అడిగితే ఎరుకలసాని స్టేజి నుంచి పూర్తిగా పోతుంది. మన ముఖం కనబడే ఆ ఒక్క చోటూ పోతుంది. వక్రంగా చూపారని అద్దం పగలగొట్టుకుంటే మనల్ని మనం ఎక్కడ చూసుకుంటాం? మనకు కావలసింది పాత్ర పోవడం కాదు, పాత్ర మన చేతికి రావడం.

అది పెద్ద స్టేజీలతో మొదలు కానక్కరలేదు. బడి వార్షికోత్సవంతో మొదలు కావచ్చు. ఏటా అక్కడ ‘గిరిజన నృత్యం’ అని ఒకటి ఉంటుంది. పిల్లలకు ఆకులు కట్టి, ఒంటికి మసి పూసి, సినిమా పాటకు అర్థం లేని అరుపులు అరిపిస్తారు. ఆ గుంపులో నిజమైన యానాది పిల్ల, సుగాలి పిల్లవాడు ఉంటే వాళ్ళకూ అదే మసి. తమ అమ్మ ఎప్పుడూ కట్టని ఆకులను తమ సంప్రదాయమని ఆ పిల్లలు నేర్చుకుంటున్నారు. టీచర్లకు మా విన్నపం ఇది. ఆ పాట ఆపండి. సుగాలి పిల్లవాడి అవ్వను పిలిచి అద్దాల పేటియా ఎట్లా కుడతారో, ఏ పాటకు ఎట్లా అడుగు వేస్తారో అడగండి. ఎరుకల ఇంట్లో కుర్రు భాష మాట్లాడే పెద్దలు ఇంకా ఉన్నారు. నారాయణవనం ఘట్టాన్ని ఆ భాష తెలిసిన పిల్లతో ఆడించండి. ఆమె నాలుగు మాటలు కుర్రులో చెప్పి, వాటినే తెలుగులో చెబితే, ధరణీదేవి ముందు నిలబడింది ఒక భాష, ఒక విద్య ఉన్న మనిషి అని చూసేవాళ్ళకు తెలుస్తుంది.

యువకులకు ఇంకో మాట. ఏ నాటకం చూసినా, ఏ ఫోన్ బిట్ చూసినా నవ్వు వచ్చిన క్షణాన కొంచెం ఆగి చూడండి. నవ్వింది ఒక మనిషి చేసిన పనికా, అతని పుట్టుకకా? అతను మనకంటే బలవంతుడా, బలహీనుడా? అతని పిల్లలు ఈ పందిట్లో మన పక్కనే కూర్చుని ఉంటే మనం ఇట్లాగే నవ్వగలమా? ఈ ప్రశ్నలను పక్కవాళ్ళకే కాదు, మనకూ వేసుకోవాలి. మనలోనూ ఒక తెగవాళ్ళు ఇంకో తెగను చూసి నవ్వే మాటలు ఉన్నాయి. యానాదిని అమాయకుడని సుగాలి, నక్కలవాళ్ళను మురికివాళ్ళని ఎరుకల నవ్వుకునే సందర్భాలు మనకు తెలియనివి కావు. ఆ నవ్వును దాచుకుని పైవాళ్ళ నవ్వును మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు.

‘చింతామణి’ రేపు మళ్ళీ స్టేజి ఎక్కవచ్చు, ఎక్కకపోవచ్చు. ఎక్కితే, పుస్తకంలో ఉన్న చింతామణికి ఆమె తెలివిని తిరిగి ఇచ్చి, సుబ్బిశెట్టిని మనిషిగా చూపించి ఆడమని మేము నటులను కోరుతున్నాం. ఎక్కకపోయినా మన పని ఆగదు. నారాయణవనంలో దేవుడు ఎరువు తెచ్చుకున్న వేషం మనది. దానిని ఎట్లా కట్టాలో ఇక మీదట మనం చెబుదాం.